పైథాన్ కొత్తది, పాఠం పాతది

విశాఖపట్నం నుంచి ఒక గృహిణి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఉంటున్న పేట తీసేసి, క్లుప్తంగా ఇస్తున్నాం.

ఆమెకు 38 ఏళ్ళు. 2010లో ఎంసీఏ పూర్తిచేసి, రెండేళ్ళు ఉద్యోగం చేసి, పాప పుట్టాక మానేశారు. భర్తకు గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి. మళ్ళీ ఉద్యోగం చేద్దామని 2025 నవంబర్‌లో ద్వారకానగర్‌లోని ఒక ఇన్‌స్టిట్యూట్‌లో శని, ఆదివారాల డేటా సైన్స్ బ్యాచ్‌లో చేరారు. ఫీజు 36 వేలు. సగం కట్టేశారు, మిగతా సగం నెలాఖరుకి కట్టాలి. బ్యాచ్ మొదలైన వారమే మామగారి సంవత్సరీకానికి శ్రీకాకుళం వెళ్ళాల్సి రావడంతో మొదటి రెండు క్లాసులు పోయాయి.

తిరిగి వచ్చాక వాట్సాప్ గ్రూపులో ట్రైనర్ పెట్టిన లైబ్రరీల (ఇతరులు ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల) జాబితా ఫైలు దింపుకున్నారు. క్లాసులో వాడే ప్రోగ్రామింగ్ భాష పైథాన్. దాని వెబ్‌సైటుకి వెళ్ళి, ఎదురుగా కనిపించిన పసుపు బటన్ నొక్కి, 3.14 వెర్షన్ వేసుకున్నారు. ఫైలులో ఉన్నవి ఇన్‌స్టాల్ చెయ్యబోతే స్క్రీన్ నిండా ఎర్ర అక్షరాలు. ముందు లెక్కలకి వాడే నమ్‌పై అనే లైబ్రరీ దగ్గర ఆగింది. వెర్షన్ నంబరు తీసేసి విడిగా కొడితే నమ్‌పై వచ్చింది కానీ, మెషీన్ లెర్నింగ్‌కి వాడే టెన్సర్‌ఫ్లో దగ్గర మళ్ళీ ఆగింది. మధ్యలో రిక్వెస్ట్స్ లాంటి చిన్న లైబ్రరీలు నిమిషంలో ఎక్కేశాయి. ఇలా నాలుగు రాత్రులు గడిచాయి.

ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న ఆడపడుచు కొడుకు వచ్చి మైక్రోసాఫ్ట్ బిల్డ్ టూల్స్ వెయ్యాలన్నాడు. భర్త ఫోన్ హాట్‌స్పాట్ మీద రాత్రంతా డౌన్‌లోడ్ చేశారు. అయినా పని కాలేదు. 'ఇక ఫార్మాట్ కొట్టడమే అత్తా' అన్నాడు. గుమ్మం దిగుతూ 'ఇవన్నీ నీకు ఎక్కవులే' అని నవ్వాడట. లాప్‌టాప్ షాపతను గ్రాఫిక్స్ కార్డున్నది కొనాలి, 68 వేలవుతుంది అన్నాడు. క్లాసులో ట్రైనర్ అందరి ముందూ 'ఇరవై రెండు మందికి వచ్చింది, మీకొక్కరికే ఎందుకు రాదమ్మా' అన్నారు. భర్త 'అంత టెన్షన్ పడితే మానెయ్, పోయిన డబ్బు పోయింది' అన్నారు. మినీ ప్రాజెక్టుకి ఇంకా పన్నెండు రోజులుంది. 'నా వయసుకి ఇది కుదరదా? లాప్‌టాప్ మార్చాలా? రెండో వాయిదా కట్టాలా, ఇక్కడితో ఆపెయ్యాలా?' అని అడుగుతున్నారు.

అమ్మా,

మీ ఉత్తరం మూడో పేజీ చివర మీరు ఒక వాక్యం రాసి, కొట్టేసి, మళ్ళీ రాశారు. 'మొదటి రోజు అందరికీ పెన్‌డ్రైవ్‌లో ఏదో ఇచ్చారట, నాకు అందలేదు' అని. అంత ముఖ్యం కాదనుకుని కొట్టేసి ఉంటారు. నాకు మాత్రం మీ సమస్య అక్కడే దొరికింది. ఆ ఇరవై రెండు మంది పెన్‌డ్రైవ్‌లోని పైథాన్ వేసుకున్నారు, మీరు వెబ్‌సైట్‌లోని పైథాన్ వేసుకున్నారు. మీకూ వాళ్ళకూ తేడా వయసులో లేదు, వెర్షన్‌లో ఉంది.

ఇది ఊహించి చెప్పడం లేదు. ట్రైనర్ ఫైలులోని లైన్లు మీరు ఉత్తరంలో ఎత్తిరాయడం మంచిదైంది. నమ్‌పై 1.26.4, టెన్సర్‌ఫ్లో 2.15.0. ఆ నమ్‌పై 2024 ఫిబ్రవరిది, ఆ టెన్సర్‌ఫ్లో 2023 నవంబర్‌ది. ఆ టెన్సర్‌ఫ్లో పైథాన్ 3.9, 3.10, 3.11లకే తయారైంది. మీరు వేసుకున్న 3.14 విడుదలైంది 2025 అక్టోబర్ 7న. దాదాపు రెండేళ్ళ తర్వాత పుట్టిన పైథాన్‌కి అప్పటి లైబ్రరీ ఎలా సరిపోతుంది? కొత్త వెర్షన్ అయితే పాతవన్నీ దాంట్లో నడుస్తాయి కదా అని ఎవరైనా అనుకుంటారు. ఫోన్‌లో అలాగే జరుగుతుంది కాబట్టి మీరూ అలాగే అనుకున్నారు.

లోపల జరిగేది వంటింటి భాషలో చెబుతాను. నమ్‌పై, టెన్సర్‌ఫ్లో లాంటి వాటిలో చాలా భాగం సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో ఉంటుంది. దాన్ని ఒక్కో పైథాన్ వెర్షన్‌కీ విడిగా కంపైల్ చేసి, అంటే మెషీన్ నడపగలిగే రూపంలోకి మార్చి, ప్యాకెట్ కట్టి పెడతారు. దానికి వీల్ అని పేరు. రుబ్బిన దోసెల పిండి ప్యాకెట్ అనుకోండి. దాని మీద సీపీ 311, సీపీ 312 అని, అంటే పైథాన్ 3.11కి, 3.12కి అని చీటీ ఉంటుంది. లైబ్రరీలని తెచ్చి ఎక్కించే పిప్ అనే ప్రోగ్రాము మీ మెషీన్‌లో ఉన్న పైథాన్ చూసి, 314 చీటీ ఉన్న ప్యాకెట్ కోసం వెతుకుతుంది. దొరక్కపోతే ఊరుకోదు. సోర్స్ తెచ్చుకుంటుంది, అంటే పప్పూ బియ్యం. మీ ఇంట్లోనే రుబ్బడానికి సిద్ధపడి, గ్రైండర్ ఎక్కడుందని అడుగుతుంది. మీరు పంపిన మొదటి ఫొటోలో 'అన్‌నోన్ కంపైలర్స్' అని రాసి, పక్కన ఐసీఎల్, సీఎల్, సీసీ, జీసీసీ, క్లాంగ్ అని వరసగా పేర్లున్నాయి చూడండి. అవన్నీ గ్రైండర్ల పేర్లే. ఇంటింటికీ వెళ్ళి గ్రైండరుందా అని అడిగి, లేదనిపించుకుని వచ్చిందన్నమాట.

నంబరు తీసేసి కొడితే నమ్‌పై ఎందుకు వచ్చింది? కొత్త నమ్‌పైకి 314 చీటీతో ప్యాకెట్లు సిద్ధంగా ఉన్నాయి కాబట్టి. రిక్వెస్ట్స్ అయితే మొత్తం పైథాన్‌లోనే రాసింది, దానికి రుబ్బే పనే లేదు, కొత్త వెర్షన్‌లోనూ ఎక్కుతుంది. కొన్ని ఎక్కి కొన్ని ఎక్కకపోవడం చూసి 'నేనే ఎక్కడో తప్పు కొడుతున్నాను' అనుకున్నారు మీరు. నిజానికి మీరు ప్రతిసారీ సరిగ్గానే కొట్టారు.

ఇక టెన్సర్‌ఫ్లో. వాళ్ళు పిప్‌కి అందేలా పిండి ప్యాకెట్లే పెడతారు, పప్పూ బియ్యం అక్కడ పెట్టరు. అందుకే దాని దగ్గర మీకు కంపైలర్ గొడవ రాలేదు, 'ఫ్రమ్ వెర్షన్స్: నన్' అని వచ్చింది. అలాంటి లైబ్రరీయే లేదని దాని అర్థం కాదు. మీ పైథాన్ చీటీతో ఒక్క ప్యాకెట్టూ లేదని. 3.14 విడుదలైన నాటికి టెన్సర్‌ఫ్లో 3.13 దాకానే వచ్చింది. మీ మేనల్లుడు వేయించిన బిల్డ్ టూల్స్ గ్రైండర్ లాంటివి. నమ్‌పై విషయంలో అవి పనికి రావచ్చు. టెన్సర్‌ఫ్లోకి రుబ్బడానికి సరుకే లేనప్పుడు గ్రైండర్ ఎంత పెద్దదైతే మాత్రం ఏం లాభం? ఆ కుర్రాడిదీ మరీ తప్పనలేం. ఎర్ర అక్షరాలు చూడగానే నూటికి తొంభై మంది ఇచ్చే సలహా అదే.

నా సంగతీ చెప్పాలి. 2023 అక్టోబర్‌లో పైథాన్ 3.12 వచ్చిన వారానికే ఆఫీసు మెషీన్‌లో వేశాను. అప్పుడు రుషికొండ మీద ఒక కంపెనీలో చేసేదాన్ని. పాత ప్రాజెక్టు ఒకటి ఇన్‌స్టాల్ చేయబోతే డిస్ట్‌యుటిల్స్ అనే మాడ్యూల్ లేదంది. ఏళ్ళ తరబడి పైథాన్‌తో పాటే వచ్చిన మాడ్యూల్ అది. 3.12లో తీసేశారు, అదీ రెండేళ్ళ ముందే చెప్పి. నేను చదివితేగా! మధ్యాహ్నం దాకా నెట్‌వర్క్‌ని తిట్టాను, సాయంత్రం దాకా ఫైర్‌వాల్‌ని తిట్టాను. కొత్తగా చేరిన కుర్రాడొకడు టీ కప్పుతో వెళ్తూ నా స్క్రీన్ మీదకి వంగి, 'మేడమ్, 3.12 ఆ?' అన్నాడు. అప్పటికి నాకు పదహారేళ్ళ అనుభవం. ఆ రోజు నా వయసు గురించి ఎవరూ మాట్లాడలేదు.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. 2020 నుంచీ కొత్త పైథాన్ ఏటా అక్టోబర్‌లోనే వస్తోంది. కొత్త పైథాన్‌ని సంక్రాంతి దాటేదాకా పని మెషీన్ మీదికి రానివ్వను. అప్పటికి ఎక్కువ లైబ్రరీలు సర్దుకుంటాయి. పెద్దవి కొన్ని ఇంకా ఆలస్యం చేస్తాయి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

పన్నెండు రోజుల్లో ప్రాజెక్టు ఉంది కాబట్టి, మీ స్థానంలో నేనుంటే 3.14ని అలాగే ఉంచి, పక్కనే 3.11 వేసుకుంటాను. విండోస్‌లో రెండు పైథాన్‌లు ఒకేసారి ఉండొచ్చు, పోట్లాడుకోవు. ఫార్మాట్ అవసరం లేదు. పాప ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయని మీరే రాశారు, ఆ మాట ఇంకెవరైనా ఎత్తినా ఒప్పుకోకండి. పైథాన్ సైటులో పాత విడుదలల పేజీకి వెళ్ళి 3.11.9, 64 బిట్ ఇన్‌స్టాలర్ తీసుకోండి. జాబితాలో దానికన్నా కొత్త 3.11లు కనిపిస్తాయి, వాటి జోలికి వెళ్ళొద్దు. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 3.11.9 తర్వాత ఆ వరసకి విండోస్ ఇన్‌స్టాలర్ ఇవ్వడం ఆపేశారు, సోర్స్ మాత్రమే పెడుతున్నారు. ఇన్‌స్టాలర్ ఏదీ అని వెతుక్కుంటూ ఐదో రాత్రి పోగొట్టుకుంటారు.

తర్వాతది ఫోన్‌లో చెబుతున్నట్టు చెబుతాను, ఒక్కొక్కటీ కొట్టండి. పవర్‌షెల్ కాకుండా కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. పవర్‌షెల్ కొన్ని మెషీన్లలో స్క్రిప్టులు నడపనివ్వదు, అదో కొత్త ఎర్ర అక్షరాల గొడవ. పీ వై అని రెండక్షరాలు, స్పేస్, హైఫన్ పెట్టి దాన్ని ఆనుకునే సున్నా కొట్టి ఎంటర్ నొక్కండి. మీ మెషీన్‌లో ఏయే పైథాన్‌లు ఉన్నాయో చూపిస్తుంది. అందులో 3.14, 3.11 రెండూ కనిపించాలి. కనిపిస్తే మళ్ళీ పీ వై, స్పేస్, హైఫన్‌ని ఆనుకుని 3.11, స్పేస్, హైఫన్‌ని ఆనుకుని ఎం, స్పేస్, వి ఇ ఎన్ వి, స్పేస్, ఆ తర్వాత మీకు నచ్చిన పేరు ఇంగ్లీషులో. ఆ పేరుతో ఒక ఫోల్డర్ తయారవుతుంది. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అంటారే, అది ఇదే. అందులోని స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో ఉన్న యాక్టివేట్‌ని నడిపితే, లైను మొదట్లో బ్రాకెట్లో మీరు పెట్టిన పేరు కనిపిస్తుంది. అది కనిపించాకే ట్రైనర్ ఫైలుని ఉన్నది ఉన్నట్టు, మీరు తీసేసిన నంబర్లు మళ్ళీ పెట్టి, ఇన్‌స్టాల్ చెయ్యండి.

దీనివల్ల వచ్చే ఇబ్బందులూ ఉన్నాయి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచిన ప్రతిసారీ యాక్టివేట్ చెయ్యాలి. ఒక్క రోజు మర్చిపోయారంటే 3.14 పలుకుతుంది, అవే ఎర్ర అక్షరాలు. అప్పుడు కంగారు పడకుండా బ్రాకెట్ ఉందా లేదా చూసుకోండి. ఇంకోటి, 3.11కి ఇప్పుడు భద్రతా సవరణలు తప్ప ఏమీ రావు, అవి కూడా 2027 అక్టోబర్ దాకానే, అదీ ఇన్‌స్టాలర్ లేకుండా. ఇంట్లో నేర్చుకోవడానికి బెంగ లేదు. రేపు నలుగురి డబ్బు లెక్కలు నడిచే వెబ్‌సైటేదైనా చేస్తే మాత్రం ఇదే వెర్షన్ పట్టుకుని కూర్చోకూడదు.

రెండో దారి, 3.14లోనే ఉండి ఫైలులో నంబర్లన్నీ తీసేసి కొత్తవి వేసుకోవడం. నమ్‌పై, పట్టికల లైబ్రరీ పాండాస్ వస్తాయి. టెన్సర్‌ఫ్లో వాళ్ళు 3.14కి ప్యాకెట్ పెట్టేదాకా ఎదురుచూడాలి. అది వచ్చినా ట్రైనర్ నోట్స్‌తో పేచీ వస్తుంది. టెన్సర్‌ఫ్లోతో కలిపి వాడే కెరాస్ అనే లైబ్రరీ 2.16 నుంచి 3వ వెర్షన్‌కి మారిపోయింది, నమ్‌పై కూడా 2.0 దాటేసింది. క్లాసులో ఆయన చూపించిన లైను మీ దగ్గర నడవకపోతే, తప్పు మీదా, వెర్షన్‌దా అని ప్రతిసారీ తేల్చుకోవాలి. కోర్సు అయ్యాక ఇదే ప్రాజెక్టుని కొత్త వెర్షన్లలోకి మార్చి చూడండి, చాలా నేర్చుకుంటారు. ఈ పన్నెండు రోజుల్లో మాత్రం వద్దు.

గూగుల్ కొలాబ్ సంగతి ఉత్తరంలో మీరే అడిగారు. ఈ శనివారం గండం గట్టెక్కడానికి బాగానే పనికొస్తుంది. బ్రౌజర్‌లో నడుస్తుంది, ఇన్‌స్టాల్ పని ఉండదు. కానీ నెట్ లేకపోతే ఏమీ లేదు, సెషన్ ముగిస్తే మీరు పైకెక్కించిన ఫైళ్ళు పోతాయి, డ్రైవ్‌లో దాచుకోవాలి. పైగా అక్కడి వెర్షన్లు వాళ్ళిష్టం, ట్రైనర్ ఫైలుతో కలవకపోవచ్చు. తోడుగా ఉంచుకోండి, పూర్తిగా దానిమీద ఆధారపడకండి.

కొత్త లాప్‌టాప్ మాట మర్చిపోండి. ఎందుకో షాపతనికీ చెప్పండి. టెన్సర్‌ఫ్లో నేరుగా విండోస్ మీద గ్రాఫిక్స్ కార్డుని వాడుకోవడం 2.10తోనే ఆగిపోయింది. మీ కోర్సులోది 2.15. అంటే 68 వేలు పెట్టి కార్డు తెచ్చినా, మీరు చేసే పద్ధతిలో ఈ కోర్సు దాన్ని ముట్టుకోదు.

ట్రైనర్ గారి విషయం. నాకు ఆయన మీద కోపం వచ్చింది, దాచను. పాత వెర్షన్లు కట్టిపెట్టడం తప్పు కాదు, క్లాసంతా ఒకేలా నడవాలంటే అలాగే చేస్తారు. కానీ ఫైలు పైన 'పైథాన్ 3.11' అని ఒక్క ముక్క రాసి ఉంటే మీకు నాలుగు రాత్రులు మిగిలేవి. ఇప్పుడు ఆయనతో రెండు రకాలుగా మాట్లాడొచ్చు. గ్రూపులో అందరికీ కనిపించేలా 'వెర్షన్ చెప్పలేదు' అని పెడితే మీ మాట నెగ్గుతుంది, కానీ ఇంకో మూడు నెలలు ఆయన ముందే కూర్చోవాలి. క్లాసయ్యాక విడిగా, 'సార్, మొదటి రోజు పెన్‌డ్రైవ్ నాకు అందలేదు, నేను 3.14 వేశాను, అదే కారణం. ఫైలులో వెర్షన్ రాస్తే తర్వాత చేరేవాళ్ళకి ఇబ్బంది ఉండదు' అంటే ఆయన పరువూ నిలుస్తుంది, మీ పనీ అవుతుంది. కాకపోతే అందరి ముందూ పడిన మాట అందరి ముందూ తీరదు. ఆ మంట ఎంతుందో నాకు తెలియదు, ఎలా మాట్లాడాలో మీరే చూసుకోండి. ఏది చేసినా పెన్‌డ్రైవ్ మాత్రం అడిగి తీసుకోండి, అది మీరు కట్టిన ఫీజులోదే.

మీ భర్త మాట మీకు గుచ్చుకున్నట్టుంది. 'మానెయ్' అన్న మాట దగ్గరే ఉత్తరంలో రెండు సార్లు ఆగారు. కానీ పై పేజీలో మీరే రాశారు, నైట్ డ్యూటీకి వెళ్తూ తన ఫోన్ ఇంట్లో వదిలేసి వెళ్ళారని, మీ డౌన్‌లోడ్ ఆగిపోకూడదని. ఫోన్ లేకుండా షిఫ్టు మొత్తం గడిపిన మనిషి మిమ్మల్ని తక్కువ చేసి ఆ మాట అని ఉంటారని నాకనిపించడం లేదు. మీరు నిద్ర లేకుండా ఉండటం చూడలేక అని ఉండొచ్చు. నేను పొరపాటు పడుతుండొచ్చు కూడా, అన్నప్పుడు ఆయన ముఖం చూసింది మీరు. కారణం దొరికిందని ముందు ఆయనకి చెప్పి, అప్పుడేమంటారో వినండి.

ఇక రెండో వాయిదా. 18 వేలు చిన్న మొత్తం కాదు. ఎర్ర అక్షరాల కోపంలో మానేస్తే, కోర్సు మంచిదో కాదో తెలియకుండానే మానేసినట్టు. అలాగని సగం కట్టాం కదా అని మిగతా సగం కట్టెయ్యడమూ సరికాదు. ఇన్‌స్టాల్ అయ్యాక రెండు వారాంతాలు కూర్చోండి. పాఠాలు ఎప్పటివి, కొత్త వెర్షన్ల గురించి ఏమైనా చెబుతారా, ప్రాజెక్టు ఎవరు దిద్దుతారు అని అడగండి. రెండేళ్ళ కిందటి ఫైలు ఒక్కటే ఉంటే క్షమించొచ్చు, పాఠమంతా అప్పుడే ఆగిపోయి ఉంటే ఆ డబ్బుకి ఇంకో కోర్సు దొరుకుతుంది. వాయిదా వారం పది రోజులు జరపమంటే చాలా చోట్ల జరుపుతారు, ముందే నోరు తెరిచి అడగాలంతే. పన్నెండు పదమూడేళ్ళ గ్యాప్ తర్వాత ఉద్యోగం గ్యారంటీగా వస్తుందని నేను చెప్పలేను, ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు చెప్పినా నమ్మకండి.

ఇన్‌స్టాల్ పని శుక్రవారం లోపు ఇంట్లోనే ముగించండి. ఆ టెన్సర్‌ఫ్లో ఒక్కటే రెండు మూడు వందల ఎంబీ ఉంటుంది, క్లాసులో ఇరవై మంది పంచుకునే వైఫై మీద అది దిగదు. అంతా ఎక్కాక మీ మేనల్లుడికి స్క్రీన్‌షాట్ పంపాలనిపిస్తుంది. పంపండి, కింద కారణం కూడా ఒక లైను రాయండి. వచ్చే ఏడాది వాడికి ఫైనలియర్ ప్రాజెక్టు, షెడ్యూల్ ప్రకారం అప్పటికి 3.15 వచ్చేసి ఉంటుంది.